ఎండాకాలంలో ఉన్ని సాక్సు

నేను పడింది ముక్కాలి పీట మీంచి. ఈ సంగతి ముందే చెప్పేస్తే నాకు హాయి. లిఫ్టు మెకానిక్కుకి కాలు విరిగిందనగానే జనం ఏ పన్నెండో అంతస్తునో ఊహించుకుని "అయ్యో" అంటారు. తర్వాత పీట సంగతి తెలిసి ఆ అయ్యోని వెనక్కి తీసేసుకుంటారు. ఎన్నో ఏళ్ళు ఎత్తయిన భవనాల్లో, లిఫ్టు తిరిగే చీకటి షాఫ్టుల్లో పనిచేసిన మనిషిని, మా వంటింట్లో బల్బు మారుస్తూ దబ్బున పడ్డాను. మోకాలి కింద ఎముక విరిగింది.

"బయట పనికి జీతమిస్తారు కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తారు. ఇది ఇంటి పని కదా, అందుకే పడ్డారు" అంది మా ఆవిడ అంబులెన్సులో. ఆమెకు భయమేస్తే వెటకారం ఎక్కువవుతుంది. ఆ రోజు దారి పొడుగునా వెటకారమే.

అది స్కూలు ఫలితాలొచ్చిన వారం. మా అమ్మాయి స్కూలు మొత్తానికి ఫస్టు వచ్చింది. ఆమె ఒకటో తరగతి నుంచీ ఫస్టే కాబట్టి ఇంట్లో ఫస్టమ్మ అని పిలుస్తాం. పుస్తకంలో ఏ పేజీలో ఏ బొమ్మ ఉందో కళ్ళు మూసుకుని చెబుతుంది. కాలేజీలో చేరేదాకా ఆ ఎండాకాలమంతా ఖాళీ. మా ఆవిడ కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది, సెలవు పెట్టడం కుదరదు. కాబట్టి నా కాలు, నేను, మా బాధ్యత మొత్తం ఫస్టమ్మ మీద పడింది. అందరం నిశ్చింతగా ఉన్నాం. ఫస్టు వచ్చిన పిల్ల చేతిలో కాలుంటే ఇంక బెంగేముంది?

ఇంటికి పంపించే రోజు డాక్టరు నా మంచం దగ్గరికి వచ్చాడు. చిన్నవాడు, మంచివాడు, పాపం తొందరలో ఉన్నవాడు. నాకు పాదం దాకా సిమెంటు కట్టు వేశారు, వేళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. ఆయన వాటి వైపు పెన్ను చూపిస్తూ గడగడా చెప్పుకుపోయాడు.

"కాలు ఎత్తుగా పెట్టాలి. వేళ్ళు కదిలిస్తూ ఉండాలి. కట్టు తడవకూడదు. వేళ్ళు చల్లబడినా, రంగు మారినా, తిమ్మిరెక్కినా, మాత్ర వేసుకున్నాక కూడా నొప్పి పెరుగుతున్నా వెంటనే రావాలి. అర్థమైందా?"

"అర్థమైంది డాక్టర్!" అంది ఫస్టమ్మ.

ఆ గొంతు నేనెరుగుదును. స్కూలు ప్రహరీ పక్కనుంచి ఎప్పుడు వెళ్ళినా వినిపించే గొంతే. లోపల టీచరు "అర్థమైందా?" అంటారు, క్లాసు క్లాసంతా ఒక్క పెట్టున "అర్థమైంది టీచర్!" అంటుంది. అర్థమయ్యాక అనే మాట కాదది. టీచరు అడిగారు కాబట్టి అనే మాట. బెల్లు కొడితే లేచినట్టు, అడిగితే అర్థమైపోతుంది. మా చిన్నప్పుడూ అంతే.

పోనీ నాకేమన్నా అర్థమైందా అంటే, నేనూ గంగిరెద్దులా తలూపాను. మా ఆవిడా ఊపింది. తెల్లకోటు కనపడేసరికి ముగ్గురం చేతులు కట్టుకుని మూడో తరగతిలో కూర్చున్నాం.

వింతేమిటంటే, నా ఉద్యోగంలో తలూపితే కుదరదు. లిఫ్టు పని ఇద్దరు చేస్తారు. ఒకడు పైన మోటారు గదిలో, ఒకడు కింద షాఫ్టులో. పైవాడు "కరెంటు ఆపేశాను" అంటే కిందవాడు "సరే" అనకూడదు. "కరెంటు ఆపేశావు" అని తిరిగి చెప్పాలి. పైవాడు అది విని "అవును" అన్నాకే కిందవాడు చెయ్యి పెట్టాలి. సరే అనే మాట మాలో నిషేధం. విన్నా సరే అంటారు, వినకపోయినా సరే అంటారు కదా మనుషులు. నాతో జోడీగా పనిచేసే అతనికి ఈ అలవాటు ఒంట్లోకి ఇంకిపోయి, ఇంట్లో కూడా "కూరగాయలు తెస్తావా?" అంటే "కూరగాయలు తెస్తాను" అంటాడట. అందుకే అతని పేరు ప్రతిధ్వని. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

మరి అంత అలవాటున్న నేను ఆసుపత్రిలో ఎందుకు తిరిగి చెప్పలేదు? డాక్టరు ముందు తిరిగి చెబితే ఎదురు చెప్పినట్టుంటుందేమోనని. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

ఇంటికి వచ్చాక ఫస్టమ్మ నన్ను కంటికి రెప్పలా చూసుకుంది. కిటికీ పక్కన వాలుకుర్చీలో కూర్చోబెట్టింది. కాలు ఎత్తుగా పెట్టమన్నారు కదా, ఎదురుగా చిన్న స్టూలేసి దాని మీద నా మడమ పెట్టింది. టైము ప్రకారం మాత్ర, టైము ప్రకారం భోజనం. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. నేను కడుపులో చల్ల కదలకుండా కూర్చుని పేపరు చదువుకుంటున్నాను.

మొదటి రోజు కాలు నొప్పి పుట్టింది. విరిగిన కాలు నొప్పి పుట్టక పాట పాడుతుందా అనుకున్నాను. రెండో రోజు కట్టు లోపల ఎవరో మర బిగిస్తున్నట్టు ఉండింది. "ఎలా ఉంది నాన్నా?" అంటే "బ్రహ్మాండం" అన్నాను. కూతురికి కష్టం చెప్పుకోవడం నాకు చేతకాదు.

ఆ సాయంత్రం ఆమె నా వేళ్ళు ముట్టుకుని చూసింది.

"చల్లగా ఉన్నాయేంటి నాన్నా!"

గబగబా లోపలికెళ్ళి బీరువాలో వెతికి, చలికాలంలో వేసుకునే ఉన్ని సాక్సు ఒకటి తెచ్చి, వేళ్ళు కప్పేలా కట్టు మీదుగా లాగి తొడిగింది. వేళ్ళు చల్లబడ్డాయి, వెచ్చగా కప్పింది. అంతకంటే సహజమైన పని ఏముంటుంది? షాపు నుంచి వచ్చిన మా ఆవిడ అది చూసి మురిసిపోయింది.

"చూశారా, అడక్కుండానే ఎలా కనిపెట్టిందో. మీ కూతురు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం."

మేం ముగ్గురం ఆ సాక్సును చూసుకుని సంతోషించాం. నిజంగా. తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం ప్రతిధ్వని వచ్చాడు. చంకలో హెల్మెట్టు, ముఖం నిండా చెమట. రాగానే కాసేపు పీట గురించి నవ్వాడు, అది అతని హక్కు. నేను కూడా నవ్వబోయాను గానీ నవ్వు సరిగ్గా రాలేదు. కాలు నాది కానట్టుగా, ఎక్కడో దూరంగా ఉన్నట్టుగా ఉంది. వేళ్ళు కదిలించమని మెదడు చెబుతోంది, కిందనుంచి జవాబు లేదు.

"ఎప్పుడొస్తావన్నా పనికి? నాతో ఒక కుర్రాడిని వేశారు. ఏం చెప్పినా సరే అంటాడు. వాడితో కింద దిగాలంటే నాకు ప్రాణం గుప్పిట్లో ఉంటోంది" అన్నాడు.

"డాక్టరు చెప్పాలి" అన్నాను.

"డాక్టరు ఏమన్నాడమ్మా?" అని ఫస్టమ్మ వైపు తిరిగాడు.

"జాగ్రత్తగా చూసుకోమన్నారు బాబాయ్."

"అలా కాదు. ఆయన ఏమన్నాడో ఆయన మాటల్లోనే చెప్పు. నేను తిరిగి చెబుతా. అలాగైతే గాని నా బుర్రకెక్కదు."

ఫస్టమ్మ నవ్వింది. తర్వాత, అలవాటు కొద్దీ, లేచి నిలబడింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. అక్షరం పొల్లుపోకుండా మొదలుపెట్టింది.

"కాలు ఎత్తుగా పెట్టాలి."

"కాలు ఎత్తుగా పెట్టాలి" అన్నాడు ప్రతిధ్వని.

"వేళ్ళు కదిలిస్తూ ఉండాలి. కట్టు తడవకూడదు."

"వేళ్ళు కదిలిస్తూ ఉండాలి. కట్టు తడవకూడదు."

"వేళ్ళు చల్లబడినా, రంగు మారినా, తిమ్మిరెక్కినా…"

"వేళ్ళు చల్లబడినా, రంగు మారినా, తిమ్మిరెక్కినా… ఊఁ, ఏం చెయ్యాలట?"

ఆ వాక్యం ఫస్టమ్మ నోట పాఠంలా ఉండేది. ప్రతిధ్వని మొద్దు గొంతులో, ఎండలో పడి వచ్చిన మనిషి ఆయాసంతో కలిసి వినిపించేసరికి అది మామూలు మాటైపోయింది. ఆమె చేతులు వెనకనుంచి ముందుకొచ్చాయి. నా సాక్సు వైపు చూసింది. తర్వాత నేల మీద కూర్చుని దాన్ని మెల్లగా లాగేసింది.

వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. రంగు నేను చెప్పను. తిరిగి చెప్పడానికి ప్రతిధ్వనికే మాట దొరకలేదు.

ఆమె ఫోను తీసుకుని ఆసుపత్రి వార్డుకు చేసింది. అవతల సిస్టరు ఏదో గడగడా చెబుతోంది, ఇక్కడిదాకా వినిపిస్తోంది. ఫస్టమ్మ పెదవులు 'అర్థమైంది' అనడానికి తెరుచుకోవడం నేను చూశాను. తెరుచుకున్న నోరు మూసుకుంది.

"సిస్టర్, ఒక్క నిమిషం. మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

ఆ పిల్ల నోట ఆ మాట నేను వినడం అదే మొదలు.

"వేళ్ళు నీలంగా ఉన్నాయి. చల్లగా ఉన్నాయి, ముట్టుకున్నా కదలట్లేదు… కుర్చీలో కూర్చోబెట్టాను, కాలు స్టూలు మీద పెట్టాను. ఎత్తుగా అంటే అదే అనుకున్నాను… పడుకోబెట్టాలా? కాలు గుండెకి సమానంగా ఉంచి, పడుకోబెట్టి తీసుకురావాలి. ఇప్పుడే. అంతేనా సిస్టర్?"

అంతేనని సిస్టరు అన్నట్టుంది. ఫోను పెట్టేలోపే ప్రతిధ్వని కింద కంపెనీ వ్యాను వెనక తలుపులు తీస్తున్నాడు. పనిముట్ల మధ్యలో పరుపేసి నన్ను పడుకోబెట్టారు. దారిలో ఆమె నా కాలు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా "నాన్నా, తెలుస్తోందా? తెలుస్తోందా?" అని అడిగింది. మొదటిసారి నేను నిజం చెప్పాను.

"తెలియట్లేదు తల్లీ."

ఒక మాట చెప్పాలి. ఆ వ్యానులో నాకు చావు గుర్తు రాలేదు. మోటారు గదికి ఎక్కే ఇనుప నిచ్చెన గుర్తొచ్చింది. పాదంలో స్పర్శ లేనివాడిని ఆ నిచ్చెన ఎవరూ ఎక్కనివ్వరు. నాకు ఇంకో పని రాదు.

ఆసుపత్రిలో వాళ్ళు మాటలతో కాలయాపన చెయ్యలేదు. చిన్న రంపం మిషన్ తెచ్చి కట్టును ఆ కొస నుంచి ఈ కొసకు చీల్చారు. రెండు పక్కలా విడదీసి వెడల్పు చేశారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత నొప్పి వచ్చింది. కాలంతా మంటలు, సూదులు, చీమలు. నేను గట్టిగా అరిచాను. నా అరుపు విని ఆ చిన్న డాక్టరు కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. అప్పుడు తెలిసింది ఆయన కూడా ఎంత భయపడ్డాడో.

"అరవండి, అరవండి. చాలా మంచిది. ఇప్పుడు బొటనవేలు కదిలించండి."

కదిలింది. వెధవ బొటనవేలు, ఏమీ జరగనట్టు కదిలింది.

"టైముకే తెచ్చారు. ఇంకో పూట ఆగి ఉంటే నేనేం చెప్పగలిగేవాణ్ణో నాకే తెలియదు" అన్నాడు. మా ముగ్గురి గుండెల మీంచి బండ దించినట్టయింది. ముగ్గురం అంటే నేను, ఫస్టమ్మ, ప్రతిధ్వని. మా ఆవిడ అప్పుడే షాపు నుంచి పరుగున వచ్చి, బయట వరండాలో కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది.

లోపలికి రాగానే నా వేళ్ళు చూసింది, బతికే ఉన్నాయని తెలిసింది, ఆ పైన కోపం తెచ్చుకునే తీరిక దొరికింది.

"చదవేస్తే ఉన్న మతి పోయిందట! ఎండాకాలంలో ఉన్ని సాక్సేంటే?"

"నిన్న నువ్వేగా మెచ్చుకున్నావు" అన్నాను.

ఆవిడ కూతుర్ని దగ్గరికి లాక్కుని ఏడ్చింది.

ఆ రాత్రి అక్కడే ఉంచుకుని, మర్నాడు పంపించేముందు డాక్టరు మళ్ళీ మంచం దగ్గరికి వచ్చాడు. మళ్ళీ గడగడా చెప్పాడు. మళ్ళీ "అర్థమైందా?" అన్నాడు.

ఈసారి ఎవరమూ తలూపలేదు. మా ఆవిడ అంది, "లేదండీ. కాలేదు. కాలు ఎంత ఎత్తు పెట్టాలో మీరే పెట్టి చూపించండి."

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. మా ముఖాలు చూశాడు. దిండ్లు తెమ్మని ఒకదాని మీద ఒకటి తనే పేర్చి, వాటి మీద నా కాలు పెట్టాడు. "కట్టు వదులైంది కాబట్టి ఇప్పుడు పడుకున్నప్పుడు కాలు గుండె కంటే పైన. ఇంత. ఇప్పుడు మీరు చెప్పండి, నేను వింటాను" అన్నాడు. మా ఆవిడ చెప్పింది. సగంలో తప్పింది, ఆయన సరిచేశాడు. పెద్దగా టైమేమీ పట్టలేదు.

ఇంటికొచ్చాక ఫస్టమ్మ కొన్నాళ్ళు సరిగ్గా భోజనం చెయ్యలేదు. ఒకరోజు నా దిండ్లు సర్దుతూ ఉన్నట్టుండి అడిగింది.

"నాకు వందకి వంద ఎందుకిచ్చారు నాన్నా?"

"దేంట్లో?"

"రక్తప్రసరణ పాఠంలో. బొమ్మ కూడా గీశాను. మంచి రక్తానికి ఎర్ర పెన్సిలు, చెడు రక్తానికి నీలం పెన్సిలు. చెక్కీ చెక్కీ గీశాను. టీచరు దాన్ని గోడకి అంటించారు. ఆ రోజు నీ వేళ్ళ మీద నిజం నీలం మొదలవుతుంటే నేను సాక్సు తొడిగాను."

ఉన్నది చెప్పాను.

"సాక్సు తొడిగిందీ నువ్వే, తీసిందీ నువ్వే. ఫోన్లో ఆ సిస్టర్ని ఆపి మళ్ళీ చెప్పమని అడిగిందీ నువ్వే. నాకు ఇంతవరకు అంత ధైర్యం లేదు."

ఆమె ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి, రెండు కంచాల భోజనం చేసింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఆ ఎండాకాలం మా ఇల్లు లిఫ్టు షాఫ్టులా మారింది. ఎవరేం చెప్పినా ఇంకొకరు తిరిగి చెప్పాల్సిందే. "వచ్చేటప్పుడు పాలు తెస్తావా?" "వచ్చేటప్పుడు పాలు తెస్తాను." చుట్టాలు మాకు పిచ్చి పట్టిందనుకున్నారు. కానీ అంతకుముందు మా ఇంట్లో జరిగే పోట్లాటల్లో సగం 'నేను చెప్పాను', 'నువ్వు చెప్పలేదు' అనేవే. అవి మాయమైపోయాయి. మిగతా సగం భద్రంగా ఉన్నాయి.

ఎండలు తగ్గి, కట్టు విప్పి, చేతికర్రతో నడవడం మొదలుపెట్టిన రోజుల్లో స్కూలు తెరిచారు. ఫస్టు వచ్చిన పిల్ల వచ్చి కింది క్లాసుల తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఎలా చదవాలో చెప్పాలని జీవశాస్త్రం టీచరు కబురు చేసింది.

"నేను వెళ్ళను. ఏం చెప్పను?" అంది ఫస్టమ్మ.

"సాక్సు సంగతి చెప్పు."

"నవ్వుతారు."

"నవ్వనీ. నా పీట సంగతి కూడా కలిపి చెప్పు. ఇంకా నవ్వుతారు."

ఇద్దరం వెళ్ళాం. నన్ను బ్లాక్‌బోర్డు పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. ఫస్టమ్మ చెప్పింది. పీట దగ్గర పిల్లలు పగలబడి నవ్వారు, సాక్సు దగ్గర కూడా నవ్వారు. వ్యాను దగ్గరికి వచ్చేసరికి అందరూ ముందుకు వంగి విన్నారు. చివర ఆమె, "నాకు పాఠం వచ్చు, అర్థం కాలేదు. కాలేదని నాకే తెలియదు" అని ఆగింది.

టీచరు చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టింది. తర్వాత నాతో, పిల్లలు వింటుండగానే అంది, "ఒక్కరు కాలేదన్నా నేను ఆగాలండీ. ఆగితే పాఠాలు పూర్తికావు. అందుకే ఆ మాట వినాలని నాకూ ఉండదు. వీళ్ళకది తెలుసు." ఆమెలో కోపం లేదు. ఎన్నాళ్ళ నుంచో బిగబట్టింది వదిలేసినట్టుంది.

ముందు బెంచీలో పిల్లవాడు చెయ్యెత్తాడు. "అక్కా, రంగు మారిందని ఎలా తెలుస్తుంది?"

ఫస్టమ్మ నా వైపు చూసింది. "నాన్నా, చెప్పు తీస్తావా?"

తీశాను. ఆమె నేల మీద కూర్చుని నా బొటనవేలి గోరు గట్టిగా నొక్కింది. తెల్లబడింది. వదిలింది. గులాబీ రంగు గబుక్కున తిరిగొచ్చింది. "ఇలా వెంటనే రావాలి. రాకపోతే పరిగెత్తాలి" అంది.

ఇంక క్లాసు ఆగలేదు. వరస కట్టి వచ్చారు. నొక్కారు, వదిలారు, చూశారు, తమ వేళ్ళు కూడా నొక్కి చూసుకున్నారు. "వెచ్చగా ఉంది!" అని ఒకడు, "వచ్చేసింది, వచ్చేసింది!" అని ఇంకొకతె. నా జన్మలో అంతమంది నా కాళ్ళు పట్టుకోవడం అదే మొదటిసారి. ప్రతి వేలూ, ప్రతి నొక్కుడూ నాకు తెలుస్తోంది. ఎంత సంతోషమేసిందంటే, ముఖం కిటికీ వైపు తిప్పుకోవాల్సి వచ్చింది.

వెనక బెంచీలో ఒక అమ్మాయి మాత్రం రాలేదు. టీచరు పిలిచింది.

"నువ్వు చూడవా?"

ఆ పిల్ల లేచి నిలబడి, తల వంచుకుని అంది, "టీచర్, నాకు అర్థం కాలేదు."

"ఎక్కడి నుంచి?"

"గుండె దగ్గర్నుంచి."

క్లాసంతా గొల్లుమంది. టీచరు కూడా నవ్వింది. అప్పుడే బెల్లు కొట్టింది, ఎవరూ లేవలేదు. ఆమె బోర్డు తుడిచి, "రా, ముందుకొచ్చి కూర్చో. గుండె దగ్గర్నుంచే మొదలుపెడదాం" అని బొమ్మ గీయడం మొదలుపెట్టింది.

నేను చెప్పు వేసుకోబోయాను. టీచరు వెనక్కి తిరగకుండానే అంది, "మీరు కాలు అలాగే ఉంచండి. మాకింకా దానితో పనుంది."

"నాకూ ఉందండీ" అన్నాను.